బెత్తము వాక్యం మాత్రం బాగా గుర్తుంది



సామెతలు 13:24 రాని తండ్రి మన సంఘాల్లో ఉండడు. ఆదికాండంలో ఎన్ని అధ్యాయాలో తెలియనివాడు కూడా బెత్తము వాక్యం తడుముకోకుండా చెప్తాడు. అదే ఎఫెసీ 6వ అధ్యాయం చెప్పమనండి, పిల్లలు లోబడాలన్న మొదటి మూడు వచనాల దగ్గరే ఆగిపోతాడు. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించకూడదన్న నాలుగో వచనం ఇంకెవరికో రాసినట్టు దాటేస్తాం.

ఆ బెత్తమునే చూద్దాం. హెబ్రీలో అక్కడ ఉన్న మాట షేబెత్. 23వ కీర్తనలో దావీదుకు ఆదరణ ఇచ్చిన దుడ్డుకఱ్ఱ కూడా అదే మాట. తెలుగులో రెండు మాటలయ్యాయి కాబట్టి మనం గమనించలేదు. మన ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లను చూడండి. చేలోకి దిగబోయే గొర్రెకు కర్ర అడ్డం పెట్టి మళ్లిస్తారు, కుక్క వస్తే దాన్ని తరుముతారు. రోజంతా గొర్రెల వీపు వాయించేవాడికి ఎవరైనా మందను అప్పజెప్తారా?

"సామెతలు 23:13లో కొట్టమని లేదా పాస్టరు గారూ?" అంటారు. ఉంది, నేను దాచను. పిల్లల్ని అదుపు చేయవద్దనీ అనడం లేదు. కొడుకులను అడ్డగించని ఏలీ ఇంటికి ఏం జరిగిందో మొదటి సమూయేలులో చదివాం. అయితే బెల్టుతో, చార్జరు వైరుతో, తాగివచ్చిన కోపంతో కొట్టి దానికి వాక్యం పేరు పెట్టడం దేవుని నామాన్ని వ్యర్థంగా వాడడమే. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. టీచరు ఒక దెబ్బ వేస్తే బడి మీదికి పోయే తండ్రి, ఇంట్లో తాను పది వేసి క్రమశిక్షణ అంటాడు!

ఏలీ విషయంలో ఇంకొకటి ఉంది. హన్నా పెదవులు కదలడం చూసి ఆమె తాగిందనుకున్నాడు. లోపలి దుఃఖం ఆయనకు కనబడలేదు. హన్నా పెద్దది కనుక నోరు తెరిచి చెప్పుకుంది. ఏడేళ్ల పిల్ల ఏమని చెప్పుకుంటుంది? పలకకపోతే పొగరంటాం, ఏడిస్తే మొండి అంటాం, కదలకుండా కూర్చోలేకపోతే దయ్యం అంటాం.

ఏశావు, యాకోబు ఒకే కాన్పులో పుట్టినవాళ్లే. ఒకడికి అడవి ఇష్టం, ఒకడికి గుడారం. ఆదికాండం 25:27 దాన్ని తప్పని చెప్పలేదు. ఆ వెంటనే 28వ వచనంలో తండ్రి ఒకణ్ణి, తల్లి ఇంకొకణ్ణి ప్రేమించారని ఉంది. ఆ ఇంట్లో చిచ్చు అక్కడ మొదలైంది. "మీ అక్కను చూసి నేర్చుకో" అని పొద్దున లేస్తే అనే తల్లులు ఆ రెండు వచనాలు కలిపి చదవండి.

ఇక మొండి ఆత్మను వెళ్లగొట్టమని పిల్లల చెవులు పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చేవాళ్లున్నారు. తైలం రాసి, తల ఊపి, కేకలు వేసి పంపే సేవకులూ ఉన్నారు. వాళ్ల దగ్గరకు పోతే మీ ఇష్టం. నా దగ్గరకు తెస్తే ప్రార్థన తప్పక చేస్తాను. అంతకన్నా ముందు వాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో, బడిలో బోర్డు మీద అక్షరాలు కనబడుతున్నాయో లేదో, వెనకనుంచి పిలిస్తే వినబడుతోందో లేదో అడుగుతాను. ఆ తర్వాత మిమ్మల్ని బయట కూర్చోమని వాడితో మాట్లాడతాను, వాకిలి తెరిచే ఉంచి.