అయిదు సినిమాలు చూశాం, చూడొచ్చా లేదా చెబుతాం



పరీక్షలు అయిపోయాక హాస్టల్‌లో మిగిలినవాళ్లం ఈ రెండు వారాల్లో అయిదు సినిమాలు చూశాం. కొన్ని పాతవే. అడవి, కొండ, మన మనుషులు ఉన్న సినిమాలే ఏరుకున్నాం. ప్రతి సినిమా తర్వాతా రాత్రి భోజనాల దగ్గర గొడవే గొడవ. ఆ గొడవల్లో తేలిన మాటలే ఇక్కడ పెడుతున్నాం. కథలు మొత్తం చెప్పం గానీ కొంచెం కొంచెం బయటపడతాయి, ఏమనుకోవద్దు.

మేము పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే. సినిమాలో మన మనిషి సొంతంగా ఏదైనా నిర్ణయిస్తాడా, లేక ఎవరో వచ్చి కాపాడేదాకా ఏడుస్తూ కూర్చుంటాడా? పాటలు, ఫైట్లు, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఈ ప్రశ్న మాత్రం మనమే అడగాలి.

ఆర్ఆర్ఆర్ (2022): మాలో దీన్ని నాలుగోసారి చూసినవాళ్లూ ఉన్నారు. ఎన్టీఆర్ కొమురం భీమ్‌గా తెర మీదకి వస్తే ఈలలు వేయకుండా ఉండలేం, అది నిజం. కానీ ఈలలు ఆగాక ఆలోచిస్తే ఒక విషయం గుచ్చుకుంటుంది. అసలు భీమ్ పోరాడింది నిజాం సర్కారు మీద. జోడేఘాట్‌లో 1940లో ఆయన్ని చంపింది నిజాం పోలీసులు. సినిమాలో మాత్రం శత్రువు ఢిల్లీలో ఉన్న తెల్లదొర. నిజాం తరఫున వచ్చిన మనిషేమో గోండు పిల్లని తిరిగి ఇచ్చెయ్యమని దొరలకి బుద్ధి చెప్పేవాడిగా కనిపిస్తాడు! కల్పిత కథ అని సినిమావాళ్లే చెప్పారు, సరే. కానీ మా క్లాసులో సగం మందికి భీమ్ అంటే ఈ సినిమాయే. జల్, జంగల్, జమీన్ అని ఎవరిని అడిగాడో వాళ్లకి తెలీదు.

ఇంకొకటి. చివర్లో భీమ్ నాకు చదువు కావాలి అని రాముణ్ణి అడుగుతాడు. మా ఇళ్లలో మొదట కాలేజీ మెట్లెక్కింది మేమే కాబట్టి ఆ మాట దగ్గర మాకు గొంతు పట్టుకుంది. కానీ అసలు భీమ్ చంద్రపూర్ వైపు వెళ్లి, ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. అంటే చదువు ఆయన సొంతంగా వెతుక్కున్నది. మా తీర్పు: సరదాకి చూడండి. దాంతోపాటు సాహు, అల్లం రాజయ్య రాసిన కొమురం భీం నవల కూడా చదవండి. మా హాస్టల్‌లో ఒక కాపీ చేతులు మారుతోంది, అట్టలు ఊడిపోయాయి.

ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం (2022): వంతెన, బడి, ఆసుపత్రి లేని ఊరు. ఓటు వెయ్యమని అధికారులు కొండెక్కితే ఊరివాళ్లు కుదరదంటారు. డోలీ మోత తెలిసిన మనకి ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఓటుని బేరం పెట్టడం అనే ఆలోచన మాకు బాగా నచ్చింది. కానీ చివరికి కథను నడిపేది పట్నం నుంచి వచ్చిన మాస్టారే, అల్లరి నరేశ్. ఊరి పెద్దలు ఒక్కసారైనా కూర్చుని ఏం చేద్దాం అని గట్టిగా మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది! మన ఊళ్లో ఏ పనికైనా ముందు జరిగేది అదే కదా. మా తీర్పు: ఒకసారి చూడొచ్చు.

న్యూటన్ (2017, హిందీ): ఇదీ ఎన్నికల కథే, అందుకే పై సినిమా చూసిన మర్నాడే పెట్టుకున్నాం. ఛత్తీస్‌గఢ్ దండకారణ్యంలో 76 మంది ఓటర్ల కోసం ఒక అధికారి వెళతాడు. రూలంటే ప్రాణం అతనికి. అక్కడి బీఎల్‌ఓ మల్కో అనే ఆదివాసీ అమ్మాయి. ఆమె ఏడవదు, పొగడదు, బెదరదు. ఊరివాళ్లకి వచ్చింది గోండి అని అతనికి ఆమే చెబుతుంది. కొన్ని గంటల దూరంలో ఉంటూ కూడా అడవి గురించి మీకేమీ తెలీదన్నట్టు మాట్లాడుతుంది. హీరో కాదు, సినిమాలో ఉండేది కాసేపే. అయినా మేము పెట్టుకున్న ప్రశ్నకి అందరికంటే బాగా నిలబడింది ఆమే. హిందీ రాకపోయినా కింద అక్షరాలు చదువుతూ చూడండి. మా తీర్పు: తప్పకుండా.

జై భీమ్ (2021): మీరందరూ చూసే ఉంటారు. లాయర్ చంద్రు పాత్రలో సూర్య బాగా చేశాడు, కానీ మేము మాట్లాడుకున్నది సినతల్లి గురించి. డబ్బు తీసుకుని కేసు వదిలెయ్యమంటే ఆమె వద్దంటుంది. కోర్టులో వాదించింది లాయరే, కానీ వెనక్కి తగ్గను అన్నది ఆమె. ఆ తేడా ఈ సినిమా మర్చిపోలేదు. స్టేషన్‌లో కొట్టే సీన్లు మాత్రం చాలాసేపు ఉంటాయి. మాలో ఇద్దరు లేచి బయటికి వెళ్లిపోయారు. చిన్నపిల్లలతో చూడొద్దు. మా తీర్పు: పెద్దవాళ్లు తప్పకుండా చూడాలి.

ఘాటి (2025): దీని దగ్గర మాకు పెద్ద గొడవైంది. తూర్పు కనుమల్లో గంజాయి మోసేవాళ్ల కథ, శీలావతిగా అనుష్క. మన ఆడమనిషి ఎదురుతిరిగింది కదా, మీ ప్రశ్నకి పాసే కదా అని కొందరన్నారు. పాసే, కాదనం. మోసేవాడి వెనక డబ్బు చేసుకునే పెద్దలున్నారని చూపించడం కూడా మంచిదే. కానీ ఫైట్ల హోరులో అసలు సంగతి కొట్టుకుపోయింది. గంజాయి 20 కిలోలు దాటి దొరికితే చట్టం ప్రకారం కనీసం 10 ఏళ్లు జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిల్ రావడమే గగనం. ఒక రాత్రి మోత కూలికి ఒప్పుకున్న కుర్రాడికి వయసంతా అక్కడే పోతుంది. సరుకు సొంతదారు మాత్రం ఇంట్లోనే ఉంటాడు. మాకు కావలసింది ఆ కుర్రాడి కథ, వాళ్లమ్మ వాయిదాలకి తిరిగే కథ.

ఇప్పటికే ఏజెన్సీ నుంచి వచ్చామని చెబితే బ్యాగు తెరవమనే చోట్లున్నాయి. తెచ్చిన పనసకాయ, పసుపు, పిప్పళ్లు అందరి ముందూ బయటపెట్టి మళ్లీ సర్దుకోవాలి. మీ ఊళ్లో సరుకు దొరుకుతుందా అని నవ్వుతూ అడిగే క్లాస్‌మేట్లూ ఉన్నారు. అలాంటివాళ్లకి ఈ సినిమా ఇంకో డైలాగు అందించిందంతే. మా తీర్పు: డేటా మిగుల్చుకోండి. ఒప్పుకోనివాళ్లు మాలోనే ముగ్గురున్నారు, కింద వాళ్లు రాస్తారు.

సినిమాయే కదా, ఇంత ఆలోచించాలా అని ఒక అన్న అడిగాడు. ఆలోచించాలి అన్నా. బయటివాళ్లలో చాలామంది మన ఊరు ఎప్పుడూ రారు, సినిమాలో చూసిందే మన ఊరు అనుకుంటారు. రేపు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూర్చునేవాడు కూడా అదే చూసి వస్తాడు.

చూడాల్సినవి ఇంకా ఉంటే పేర్లు రాయండి. గోండి, కోయ, కువి, సవర, ఏ భాషలోనైనా మనవాళ్లే తీసిన చిన్న సినిమాలుంటే ముందు అవే చెప్పండి. వచ్చే ఆదివారం చూడ్డానికి మాకింకా ఏదీ ఖాయం కాలేదు.

జోహార్.