బడి గోడ మీద బొమ్మలు సాలు, కంచంల మన పంట కావాలె

ఈ పోస్టు జర పొడుగున్నది. తీరువాటంగనే చదవండి గాని సగంల ఇడిసిపెట్టకండి. ఇది మన పిల్లల తిండి ముచ్చట.

సూటిగ చెప్తున్న. బడుల్లో "పోషకాహారం" అని చెప్పే పాఠం ఉత్త పాఠంగనే మిగిలిపోతున్నది. గోడ మీద క్యారెట్ బొమ్మ, పాలకూర బొమ్మ ఉంటయి. ఏ విటమిన్ దేంట్ల ఉంటదో పిల్లగాడు గడగడ అప్పజెప్తడు. అదే పిల్లగాన్ని కంది చేను, పెసర చేను మధ్యల నిలబెట్టి ఏది ఏందిరా అంటే దిక్కులు చూస్తడు. మధ్యాహ్నం కంచంల తెల్లన్నం, పల్చటి పప్పు. సాయంత్రం గేటు ముంగట పది రూపాయల ప్యాకెట్. పాఠమేమో నోటికి, ప్యాకెట్ ఏమో కడుపుకు. గిదెక్కడి చదువు?

నా మాట ఒక్కటే. చిన్నపిల్లలకు తిండి పాఠం కంచంలనే మొదలుగావాలె. ఆ కంచంల మన ఊరి పంట ఉండాలె. ఆ పంట చూపించి చెప్పేటోడు రైతు కావాలె. ఇది సర్కారు దానంతటదే చెయ్యదు, మనమే అడగాలె.

ఎందుకింత గట్టిగ అంటున్ననంటే, 2019–21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణ లెక్క చూడండి. అయిదేండ్ల లోపు పిల్లల్లో ప్రతి పదిమందికి ఏడుగురికి రక్తం తక్కువున్నది. ఆ పిల్లలే ఇయ్యాల బడి బెంచీల మీద కూసున్నరు. రక్తం లేని పిల్లగానికి ఎక్కాలు ఎట్ల ఎక్కుతయి?

ఇగ మన జిల్లా సంగతి. దీపం కింద చీకటి అంటరు సూడండి, అచ్చం అట్లనే ఉన్నది. పటాన్‌చెరుల 1972 నుంచి ఇక్రిశాట్ ఉన్నది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి మీద ప్రపంచంల పేరున్న పరిశోధన మన రోడ్డు పక్కనే జరుగుతున్నది. ఇటు జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తున్నది. పాత పంటల విత్తనాలు కాపాడింది అక్కడి సంఘం ఆడోళ్లే. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరికి తిప్పి పాత పంటల జాతర జేస్తరు. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌ల పచ్చసాలె పెట్టి అక్షరాలతోపాటు ఎవుసం, చేతిపనులు నేర్పిచ్చిన్రు. అదే ఊర్ల 2008ల సంఘం రేడియో పెట్టి రైతు ఆడోళ్లే మైకు ముంగట మాట్లాడిన్రు. 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా ఈ సంఘానికే వచ్చింది.

అంటే చెప్పేటోళ్లు లేక కాదు, తొవ్వ తెల్వక కాదు. సైన్సూ మన జిల్లాలనే ఉన్నది, పాత పంటల జ్ఞానమూ మన జిల్లాలనే ఉన్నది. ఆ రెండూ మన సర్కారు బడి కంచం దాకా రాలేదు, అంతే. 2023ల సర్కారు బడుల్లో రాగిజావ మొదలువెట్టిన్రు. మంచి పని, కాదనను. మనం తైదలంటం, అవే రాగులు. వంద గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటది, తెల్లబియ్యంల పది మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. గాని ఆ జావ తాగే పిల్లగానికి తైద కంకి ఎట్లుంటదో తెల్వదు. పిండి సంచిలకెళ్లే వస్తదనుకుంటడు. సగం పాఠం అక్కడనే పోయింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం, మనం లెక్కలేనోళ్లం కాదు గదా. మధ్యాహ్న భోజనం నిబంధన ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లగానికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. బియ్యం సర్కారే ఇస్తది. మిగతా అన్నిటికీ 2025 మేల ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు జేసిన్రు. కూరగాయలు కిలో 40 అనుకున్నా 2 రూపాయలు పాయె. పప్పు కిలో 120 అనుకుంటే 2 రూపాయల 40 పైసలు. నూనెకు ముప్పావలా. ఇంక మిగిలింది రూపాయిన్నర చిల్లర. అండ్లనే ఉప్పు, కారం, చింతపండు, గ్యాసు. టమాట కిలో వందకు వోయిననాడు ఆ 50 గ్రాములకే 5 రూపాయలు. పప్పు పల్చగున్నదని వంట అక్కలను తిట్టేటోళ్లు ముందుగాల ఈ లెక్క చెయ్యాలె. బిల్లులు నెలల తరబడి రాకున్నా అప్పు దెచ్చి పొయ్యి ముట్టిచ్చేది ఆ అక్కలే.

ఇంకో లెక్క. మీ ఊరి బడిల 60 మంది పిల్లలున్నరనుకోండి. రోజుకు 3 కిలోల కూరగాయలు, కిలోంబావు పప్పు. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే ఆరున్నర క్వింటాళ్ల కూరగాయలు, రెండున్నర క్వింటాళ్ల పైన పప్పు. మంచిగ పండిన ఎకరం కంది, పది గుంటల కూరగాయల మడి ఉంటే బడి ఎల్లిపోతది! ఒక్క బడిని సాదటానికి ఊర్ల ఒక్క ఎకరంన్నర చాలు. అట్లాంటిది మన బెండకాయ తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి, కమీషన్ కట్టి, మళ్ల ఏదో దుకాణంల తేలి, వాడిపోయినంక మన బడికే వస్తున్నది. మనం అమ్మిన ధరకు, వంట అక్క కొన్న ధరకు నడుమ ఎంత తేడా ఉన్నదో ఒక్కసారి ఆమెనే అడగండి.

దీంతోని మన అప్పులు తీరుతయని నేను అంటలేను. అరవై మంది పిల్లల కూరగాయల పైసలతో ఎవ్వడూ బంగ్లా కట్టడు. గాని పిల్లగాడు తినే బీరకాయ "మల్లన్న తాత మడిదిరా" అని తెలిస్తే, ఆ బీరకాయకూ విలువే, ఆ తాతకూ విలువే.

విలువ అంటే యాదికొచ్చింది. మన ఇండ్లల్ల, బడుల్ల ఇప్పటికీ నడుస్తున్న మాట ఒకటున్నది: "చదువుకోకపోతే బర్లు గాసుకుంటవ్ రా." ఎవుసం అంటే శిక్ష అన్నట్టు. పొద్దున అట్ల తిట్టి, మధ్యాహ్నం "రైతే రాజు" అని వ్యాసం రాపిస్తరు. పిల్లలు పిచ్చోళ్లా? వాళ్లకు ఏది అసలు మాటనో తెలుస్తది. అన్నం పండించుడు తప్పిపోయినోని పని అని నమ్మిన పిల్లగాడు, ఆ అన్నానికి మర్యాద ఎందుకిస్తడు? పెద్దగైనంక ఆ భూమిని వెంచర్‌కు అమ్మకుండ ఎందుకుంటడు?

కొందరు అడ్డం మాట్లాడుతరు. "ఈ కాలం పిల్లలు జొన్నరొట్టె, సజ్జలు ఏడ తింటరు?" అని. ఇక్రిశాట్ వాళ్లు కర్ణాటకల సుమారు 1500 మంది బడి పిల్లలకు మూడు నెలలు చిరుధాన్యాలతో మధ్యాహ్న భోజనం పెట్టిచ్చిన్రు. తైద ఇడ్లీలు, సామలు సజ్జలతో ఉప్మా, బిసిబేళెబాత్. పిల్లలు ఇష్టంగనే తిన్నరు, ఎదుగుదల మెరుగైందని 2019ల ఆ ఫలితాలు అచ్చేసిన్రు. రుచిగ వండితే తింటరు. తినరు అనేది పెద్దోళ్ల సాకు.

"మా పిల్లలు ప్రైవేట్ బడికి పోతరు, మాకెందుకు?" అనేటోళ్లున్నరు. ఆ డబ్బాల నూడుల్స్ పెట్టి పంపేది ఎవరు? అయినా ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం దిక్కు సర్కారు బడికి పోయి చూడండి. బీహార్ నుంచి, ఒడిశా నుంచి కంపెనీ పనికొచ్చినోళ్ల పిల్లలు మస్తుగున్నరు. వాళ్లు మన గాలి పీలుస్తున్నరు, మన నీళ్లు తాగుతున్నరు. మన కూరగాయ తింటే తప్పేంది? ఎవల బిడ్డైనా ఆకలి ఒక్కటే.

మూడోమాటకు మాత్రం నేను తల వంచుత. "మన నీళ్లే పాడైనంక మన పంట మంచిదని ఎట్ల చెప్తవ్?" అని. నిజమే. నక్కవాగు కథ మనకు ఒకలు చెప్పాల్నా? కంపెనీల నీళ్లు వాగుల కలిసి, ఆ వాగు మంజీరల కలిసి, ముచ్చట 1990లనే సుప్రీంకోర్టు దాకా పోయింది. కాబట్టి "ఊరి పంట అంటే కండ్లు మూసుకుని మంచిదే" అని నేను అనను. చెడిపోయిన నీళ్లతో పండిన ఆకుకూర పిల్లల కంచంలకు రావద్దు. బోరు నీళ్లు, మట్టి పరీక్ష చేపిచ్చి, ఆ కాయిదం బడిల పెట్టినంకనే కూరగాయ ఇయ్యాలె. మందు కొట్టిన తెల్లారే తెంపిన వంకాయ ఇయ్యొద్దు. డబ్బా మీద రాసిన ఆగాల్సిన రోజులు ఆగాలె. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద కొట్టొద్దని ఎన్నడో నిషేధం పెట్టిన్రు, దాన్ని మడి దగ్గరకే రానియ్యొద్దు. పిల్లలు తింటరు అన్న భయం ఉంటే రైతు చెయ్యి దానంతటదే ఆగుతది. ఇంకోటి, పిల్లలకు నీళ్ల పాఠం కూడా చెప్పాలె. వాగు ఎందుకు నురగలు కక్కుతదో అడిగే పిల్లలు కావాలె. రేపు పొద్దున ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినోళ్లు కూడా భయపడాలె.

ఇది అయ్యే పనేనా అంటరా? బ్రెజిల్‌ల 2009ల చట్టమే చేసిన్రు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే పైసల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరనే కొనాలె అని. జపాన్‌ల 2005ల తిండి చదువుకే ఒక చట్టం తెచ్చిన్రు. అక్కడ బడి పిల్లలే వడ్డించుకుంటరు, తమ దిక్కు పండిన పంట గురించి తెలుసుకుంటరు. వాళ్లు దిగొచ్చిన మనుషులు గాదు గదా.

మనం చేసేది ఏందంటే:

ఒకటి. బడి కమిటీ మీటింగ్‌కు పోవాలె. ఊర్ల పండిన కూరగాయ, పప్పు బడే నేరుగా కొనాలె, బిల్లు నెలనెలా రావాలె అని తీర్మానం రాపియ్యాలె. పెద్ద వంటశాలల నుంచి వ్యాన్ల భోజనం వచ్చే బడులైతే, ఆ వంటశాలలు మన రైతు సంఘాల దగ్గర కొనాలని కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలె.

రెండు. నెలల నాలుగో శనివారం నో బ్యాగ్ డే అని సర్కారే పెట్టింది. ఆ దినం పిల్లలను చేనుకు పిలవాలె. విత్తుడు, కలుపు, కోత, ఏది నడుస్తుంటే అది చూపియ్యాలె. పుంటికూర తెంపిచ్చి, అక్కడనే జొన్నరొట్టెతోని తినిపియ్యాలె. సారు, టీచరమ్మ కూడా రావాలె. ఒక్కపూట పనికి ఎవ్వరి ఎవుసం మునగదు.

మూడు. బడిల జాగ ఉంటే నాలుగు గాళ్ల తోట పెట్టియ్యాలె. 2019లనే కేంద్రం బడితోటలకు మార్గదర్శకాలిచ్చింది. మునగ, కరివేపాకు, పాలకూర, బీర. విత్తనం మనది, నీళ్లు పోసేది పిల్లలు.

నాలుగు. "బర్లు గాసుకుంటవ్" అనే మాట ఊర్ల బందు గావాలె.

దీనికి కోట్ల పథకం అవసరం లేదు. మనం నోరు తెరిచి అడిగితే సాలు. అడగకపోతే ఇంకో పదేండ్లకు మన మనుమలు కంది చేను చూడాలంటే ఇక్రిశాట్ గేటు కాడ పాస్ తీసుకోవాల్సి వస్తది.

మీ ఊరి బడిల ఎంతమంది పిల్లలున్నరు, కూరగాయలు ఏడికెళ్లి వస్తున్నయి, కింద రాయండి. పది ఊర్ల లెక్క వస్తే కలిసి దరఖాస్తు రాద్దాం. నచ్చితే మీ ఊరి గ్రూపుల పెట్టండి, నచ్చకపోతే కొట్లాడండి, గాని సప్పుడు జేయకుండ ఉండకండి.

జై కిసాన్.