క్యూ పొడవు ఎవరి బలం?

పంచాయతీ ఎన్నికల రోజు మన గూడేలకు ఎక్కడలేని విలువ వస్తుంది. తెల్లారకముందే ఆటోలు, జీపులు వచ్చి నిలబడతాయి. ముసలివాళ్లను చేయిపట్టి ఎక్కిస్తారు. పోలింగ్ కేంద్రానికి కాస్త దూరంలో బల్ల వేసుకున్న కుర్రాళ్లు ఓటరు జాబితాలో పేరుపేరునా టిక్కులు పెడుతుంటారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్ల ఇంటికి ఎవర్ని పంపాలి - పొద్దంతా ఇదే లెక్క. సాయంత్రానికి ఏజెన్సీలో ఓటర్లు పోటెత్తారంటారు. ఆ పోటు తమదేనని ప్రతి పార్టీ చెప్పుకుంటుంది.

నిజానికి సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తే లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలకే. అయినా 'మావాళ్లు ఇంతమంది గెలిచారు' అని పార్టీలు పంచుకుంటాయి. మనం వాగు దాటి వెళ్లింది రోడ్డు కోసం, మంచినీళ్ల కోసం, మనవాడు నిలబడ్డాడని. కొందరు పింఛను ఆగుతుందన్న భయంతో వెళ్లారు. ఇన్ని కారణాలను ఒక్క శాతంలో కలిపి దానికి పార్టీ మీద ఉత్సాహమని పేరు పెట్టడం మోసం.

శాతం తగ్గితే మాత్రం మనకు చైతన్యం లేదంటారు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతంలో మధ్యాహ్నం 3.30 దాకా పోలింగ్ జరిగితే, ఏజెన్సీలో 1.30కే ముగించారు. దూరం ఎక్కువున్న చోట సమయం తక్కువ. ఆ సంగతి శాతంలో కనిపించదు.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచి పదవిని ఆదివాసులకే ఉంచింది. దానితో ఆగలేదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే అంది. ఊరి పనులను ఆమోదించేది, లబ్ధిదారులను గుర్తించేది, పంచాయతీ సొమ్ము సరిగా ఖర్చయిందని ధ్రువీకరించేది గ్రామసభే. భూసేకరణకు ముందు కూడా గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలి.

అంటే పార్టీ టిక్కులు పెట్టిన జాబితా, గ్రామసభ జాబితా ఒకటే. మరి గ్రామసభ రోజు ఆటో ఎందుకు రాదు? ముసలమ్మను చేయిపట్టి ఎవరూ ఎందుకు తీసుకురారు? రానివాళ్ల ఇంటికి రిజిస్టరు మాత్రం ఎందుకు వెళుతుంది, వేలిముద్ర కోసమా? మనం ఓటు వేయడం వాళ్లకు కావాలి. వేశాక లెక్క అడగడం వద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బల్ల దగ్గర కూర్చుని ఇంటింటి లెక్క నేర్చింది మీరే. అదే జాబితా పట్టుకుని గ్రామసభ రోజు గడపగడపకూ తిరగండి. తీర్మానం చదివి వినిపించేదాకా ఎవరినీ సంతకం పెట్టనివ్వకండి. పంతుళ్లూ! పోలింగ్ విధుల్లో గంటల వారీగా శాతాలు పంపేది మీరే. గ్రామసభకు ఏ అధికారాలున్నాయో బడి పిల్లలకు మన భాషలో చెప్పండి.

మన ఉత్సాహాన్ని కొలవాలనుకునేవాళ్లు గ్రామసభకు రావాలి. అక్కడ మనం ఎంతమందిమి కూర్చున్నామో, ఏమేమి అడిగామో రాసుకుని వెళ్లాలి.