ఎండిన నేలలో నీటి దీవులు

నాలుగు దిక్కుల నీరు, నడుమ నేల యున్నచో దానిని దీవి యందురని భూగోళ పాఠమున పిల్లలు వల్లించుచుందురు. ఈ నిర్వచనమును తలక్రిందులు చేసి చూచినచో హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల చెరువులన్నియు దీవులే. నాలుగు దిక్కుల ఎండిన నేల, నడుమ కొంత నీరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు ఈ సీమలో, ఒక చెరువునకును మరియొక చెరువునకును నడుమ నున్న మెట్టపొలము చేపపిల్లకు దాటరాని సముద్రము. అందుచేత సముద్రపు దీవులకు ఏ నియమములు వర్తించునో, ఈ నీటి దీవులకును ఇంచుమించు అవియే వర్తించును. వందల మైళ్ళ దూరమునుండి కృష్ణా జలములు ఈ చెరువులకు చేరుచున్న ఈ కాలమున ఆ నియమములను తెలిసికొనుట అవసరము.

దీవులు నేర్పిన పాఠములు

అట్లాంటిక్ మహాసముద్రమున బహామా దీవులున్నవి. వాని చుట్టునున్న పగడపు దిబ్బలపై అనేక జాతుల చేపలు తరతరములుగా ఒకదాని నొకటి ఎరిగి బ్రతుకుచున్నవి. ఏది శత్రువో, ఏది కాదో వానికి తెలియును. అట్టిచోటికి సింహచేప అను క్రొత్త జీవి వచ్చినది. ఒంటిపై చారలు, విషపు ముండ్లు గల ఈ చేప జన్మస్థానము హిందూ, పసిఫిక్ మహాసముద్రములు. అలంకారమునకై గాజుతొట్లలో పెంచుకొనువారి చేతులమీదుగా అది అట్లాంటిక్‌లో ప్రవేశించినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1985లో ఫ్లోరిడా తీరమున కనబడినది. 2000లో బెర్ముడాకు, 2004లో బహామాకు చేరినది. అచ్చటి చిన్నచేపలు దానిని శత్రువుగా గుర్తింపలేదు. 2008కిని 2010కిని నడుమ బహామాలో పరిశీలించిన దిబ్బలపై, దానికి ఆహారమగు చేపల మొత్తపు బరువు సగటున 65 శాతము తగ్గిపోయినది. రెండేండ్ల కాలము ఇందుకు చాలినది.

ఆఫ్రికా తీరమునకు సమీపమున నున్న కానరీ దీవులలో జరిగినది మరియొక విధము. అచ్చటికి క్రొత్త శత్రువు రాలేదు. పాత కాపరి పోయినాడు. సీ అర్చిన్ అను ముండ్లబంతి వంటి జంతువు సముద్రపు నాచును మేసి బ్రతుకును. దానిని తిను పెద్ద చేపలను మనుష్యులు మితిమీరి పట్టుటచే ఆ జంతువు విపరీతముగ వృద్ధిచెంది, నాచు తోటలను మేసివేసి, విశాలమైన శిలాభాగములను బోడి చేసినది. నాచు పోగా, దాని నీడన పెరుగు చిన్న ప్రాణులును పోయినవి.

మూడవ పాఠము దీవులది కాదు, కాలువది. 1869లో సూయజ్ కాలువ తెరువబడినది. త్రవ్వినవారి దృష్టి ఓడలమీద నుండెను. కాని ఎర్ర సముద్రపు జీవులు వందలకొలది జాతులు ఆ త్రోవనే మధ్యధరా సముద్రమునకు చేరి, అచ్చటి జీవకోటిని మార్చివేసినవి, నేటికిని మార్చుచున్నవి. ఏ కాలువయు కేవలము నీటిని మాత్రమే మోయదు.

క్రొత్తవాడు వచ్చుట, పాతవాడు పోవుట, మూసియున్న త్రోవ తెరచుకొనుట: ఈ మూడును నేడు పెన్నా, చిత్రావతి ఒడ్డులనున్న చెరువులలో ఏకకాలమున జరుగుచున్నవి.

చెరువు బ్రతుకు

ఈ నేలకు నీటిని మళ్ళించుట క్రొత్త ప్రయత్నము కాదు. నందికొండలలో పుట్టిన పెన్న హిందూపురము ప్రాంతమున ఆంధ్రదేశమున ప్రవేశించును. ఆ కొండసీమనుండియే వచ్చు చిత్రావతి ధర్మవరము మీదుగా సాగి పెన్నలో కలియును. 1388 ప్రాంతపు శాసన మొకటి, పెనుకొండనుండి పాలించిన బుక్కరాయలు పెన్న నీటిని పెనుకొండకు తెమ్మని జలసూత్రము నెరిగిన సింగాయభట్టును ఆజ్ఞాపించెననియు, అతడు సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించెననియు చెప్పుచున్నది. నాటినుండి నేటివరకు ఈ సీమలో పాలకులు పేరు నిలుపుకొన్నది కోటలచేత ఎంతయో చెరువులచేతను అంతయే.

ఆ చెరువులు గొలుసుకట్టుగా నిర్మింపబడినవి. పై చెరువు నిండి మరవ పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. మంచి వానలు పడిన ఏడాది, మరవ పారు ఆ కొద్ది దినములలోనే చేపలు ఒక చెరువునుండి మరియొక చెరువునకు ఎదురెక్కి పోవును. తక్కిన కాలమంతయు అవి తమ దీవిలో తాము బందీలే. అందుచేత ఎండను, బురదను ఓర్వగల జాతులే ఇచ్చట నిలిచినవి. కొరమేను, మార్పు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలవు. నీరు ఇంకి అడుగున బురద మిగిలినను కొంతకాలము ప్రాణము నిలుపుకొనగలవు.

చెరువు ఎండుట దాని మరణము కాదు, దాని జీవితములో ఒక భాగము. ఎండిన చెరువులో పశువులు మేయును. రైతులు ఒండ్రుమట్టిని బండ్లతో పొలములకు తోలుకొందురు. మరుసటి వానకు మొలచిన గడ్డి నీట మునిగి క్రుళ్ళినపుడు సూక్ష్మజీవులు పుట్టును. వానిని తిని పురుగులు, పురుగులను తిని చేపపిల్లలు పెరుగును. ఎండుట, నిండుట అను ఈ రెండింటి లయపైననే చెరువులోని ప్రాణికోటి ఆధారపడియున్నది.

ఆ లయను నమ్ముకొని వచ్చు అతిథులు చిలమత్తూరు మండలములోని వీరాపురము కొంగలు. ఏటేటా జనవరి ప్రాంతమున ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానకాలములో వెడలిపోవును. వానిని ఊరివారు ఇంటి ఆడపడుచులవలె ఆదరింతురు. అవి సైబీరియానుండి వచ్చునని జనులందురు గాని అది పొరపాటు; ఇవి భారతదేశమునందే పుట్టి పెరుగు పక్షులు. పిల్లలను పెంచుటకు అవి వేసవిని ఏల ఎన్నుకొనునో గమనింపదగినది. ఈ కొంగ చేపను కంటితో చూచి పట్టదు. మోకాటిలోతు నీటిలో నిలిచి, ముక్కు తెరచి ముంచి, తగిలిన చేపను చటుక్కున పట్టును. ఇట్టి వేటకు నీరు లోతుగ నుండరాదు. చేపలు పలుచగ నుండరాదు. చెరువు క్రమముగ తగ్గి, మిగిలిన మడుగులో చిన్నచేపలు కిక్కిరిసినపుడే దాని గూటిలోని పిల్లలకు కడుపు నిండును. చెరువు ముందే పూర్తిగ ఎండినచో పిల్లలు ఆకలితో చచ్చును. ఎన్నటికిని తగ్గక అంచులవరకు నిండియున్నను వానికి మేత దొరకదు.

కృష్ణమ్మ రాక

హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకము క్రింద, శ్రీశైలము జలాశయపు వెనుక నీటిని మల్యాల వద్ద ఎత్తిపోసి రాయలసీమకు తరలించుచున్నారు. 40 టి.ఎం.సి.ల నీటితో 6 లక్షలకు పైగా ఎకరములను తడుపవలెనని దీని సంకల్పము. 2012లో నీరు జీడిపల్లి జలాశయమునకు చేరినది. 2016లో పెనుకొండ చెంత గొల్లపల్లి జలాశయమునకు వచ్చినది. 2025లో దక్షిణపు కొననున్న కుప్పమును తాకినది. ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ఆరంభించిన కార్ల కర్మాగారమునకు సయితము గొల్లపల్లి నీరే ఆధారము.

ఈ నీటిని వలదను వాడు ఈ సీమలో పుట్టియుండడు. వేయి అడుగులకు బోరు వేసి, నీరు పడక, అప్పు మాత్రము మిగిలిన రైతునకు, కూలికై బెంగుళూరు పోయిన కుటుంబమునకు నీరు రావలెనా వలదా అను ప్రశ్నయే లేదు. కాని నీరు వచ్చిన తరువాత చెరువును ఎట్లు చూడవలెనను ప్రశ్న ఉన్నది. చెరువును సిమెంటు తొట్టివలె, ఇన్ని ఘనపుటడుగులు పట్టు పాత్రగా మాత్రమే లెక్కించినచో దీవులు నేర్పిన మూడు పాఠములును ఇచ్చట పునరావృత్తి కాగలవు.

మొదటిది, క్రొత్త జీవుల రాక. నిండిన చెరువులో చేపపిల్లలను వదలి పెంచుట మత్స్యకారులకు జీవనోపాధి. బొచ్చె, శీలావతి వంటి చేపలను పెంచుటలో ఆక్షేపణ లేదు. 1952లో దేశమునకు తేబడిన తిలాపియా మాత్రము త్వరత్వరగా పిల్లలు పెట్టి, పలు చెరువులలో చోటంతయు ఆక్రమించుకొన్నది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును ప్రభుత్వము నిషేధించినను, అది చాటుమాటుగా సాగుచునే యున్నది. ఇది చేతికందిన ప్రాణి నెల్ల తినును, గాలి పీల్చును, తడినేలపై ప్రాకును. ఇట్టి చేపలున్న గుంటలపైకి వరద వచ్చినచో అవి ఎంతదూరము పోవునో చెప్పనక్కరలేదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలమున ఏటిలో చిక్కుకొన్నవారిని హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. మనుష్యులనే మోసికొనిపోవు వరద చేపలను విడుచునా?

రెండవది, పాతవారి పోక. చెరువు అంచులలోని పల్లపు నేల, అనగా కొంగ నిలువదగిన మోకాటిలోతు నీటి భాగము, అన్నింటికంటె ముందుగ మాయమగుచున్నది. ఒకచోట దానిని ఆక్రమించి దున్నుకొందురు; మరియొకచోట దక్షిణ అమెరికానుండి వచ్చిన సర్కారుతుమ్మ కమ్ముకొనును. ఊరి మురుగునీరు చేరినచోట గుర్రపుడెక్క దట్టముగ పెరిగి, క్రింది నీటికి వెలుతురును గాలియు అందనీయదు. పూడిక తీయు యంత్రములు చెరువు నడుమను వదలి అంచులనే లోతుగ కోసినచో నీటి లెక్క పెరుగును గాని ప్రాణుల లెక్క తగ్గును.

మూడవది, తెరచుకొన్న త్రోవ. కృష్ణా పరీవాహక ప్రాంతము వేరు, పెన్నా పరీవాహక ప్రాంతము వేరు. కొండలు వేరుచేసిన ఈ రెండింటిని యంత్రములును కాలువయు కలిపినవి. నీటితోకూడ గ్రుడ్లు, పిల్లలు, విత్తనములు, నత్తలు ప్రయాణము చేయగలవు. వానిలో ఏవి మేలుచేయునో, ఏవి కీడుచేయునో గమనించువారు కావలెను.

చేయదగిన పని

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. వదలు చేపపిల్లలు ఏ జాతివో పంచాయతీ సమక్షమున పరీక్షించుట, గొలుసులోని చెరువులలో కొన్నింటిని వంతులవారీగా వేసవిలో తగ్గనిచ్చుట, పూడిక తీయునపుడు ఒకవైపైనను ఏటవాలు అంచును మిగుల్చుట, కొంగలు గూళ్ళు కట్టు చింతచెట్లను కాపాడుట: ఇవి ఊరివారును, అధికారులును కలిసి చేయగలిగినవి. వీరాపురమువారు ఎవరును చెప్పకుండగనే వీనిలో ఒకదానిని తరతరములుగా చేయుచున్నారు.

మరియొక పని పాఠశాలలది. బహామాలో 65 శాతము నష్టము జరిగినదని చెప్పగలుగుటకు కారణము, చేపలు తగ్గకముందే వానిని ఎవరో నీటిలో మునిగి లెక్కించియుండుట. మొదటి లెక్క లేనిచోట నష్టమునకు పేరైనను ఉండదు. హిందూపురమునుండి ధర్మవరము వరకు చెరువుగట్టునకు సమీపమున పాఠశాలలు అనేకము లున్నవి. చెరువు ఏ తేదీన మరవ పారినది, ఏ నెలలో అడుగంటినది, మొదటి కొంగ ఎన్నడు కనబడినది, వలలో ఏయే చేపలు పడినవి అని విద్యార్థులచే ఒక పుస్తకమున వ్రాయించుట ప్రకృతి శాస్త్రమునకు పాఠమును, ఊరికి చరిత్రయు నగును. తాతలు ఎరిగిన చేపల పేర్లు మనుమలకు తెలియకపోవుటయే మార్పునకు మొదటి సాక్ష్యము. ఆ పేర్లను సేకరించుటతో ఈ పుస్తకమును ఆరంభింపవచ్చును.

ఆరు వందల యేండ్ల క్రితము పెనుకొండకు నీరు తెచ్చిన వాని పేరు శిలపై నిలిచినది. ఆ నీటిలో ఏమి బ్రతికినదో ఎవరును వ్రాయలేదు. నీరు ఈ సీమకు మరల వచ్చినది. ఈమారు ఆ రెండవ లెక్కయు వ్రాయబడినచో, కొంగలు రాని ఏడు ఏదైన సంభవించినపుడు, కారణము వెదకుటకు ముందుతరమువారి చేతిలో ఒక ఆధారమైన నుండును.