పుట్టినరోజు నాడు పునీతుల వేషములు

పిల్లల పుట్టినరోజు అనగానే ఇప్పుడు మన ఇండ్లలో మూడు ఖర్చులు ముందుకు వస్తున్నవి: కేకు, బెలూనులు, వేషము. మొదటి రెండూ రాత్రికి అయిపోతవి. మూడవది అద్దెకు తెచ్చిన రెక్కల గౌనో, సినిమా వీరుని ముసుగో అయితే మరునాడు ఉదయమే దుకాణమునకు తిరిగి పోవును. ఇక పిల్లల దగ్గర మిగిలేదేమిటో ఈ నెల పాఠకులతో కలిసి ఆలోచిద్దామనుకున్నాము.

మా యానాంలో నవంబరు 1 సెలవు దినము. 1954లో ఆ రోజుననే ఫ్రెంచివారి చేతిలోని పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పరిపాలన లాంఛనముగా భారతదేశమునకు వచ్చినది. కర్ణాటకలోని మనవారికి కూడా 1956 నాటి రాష్ట్రావతరణ వలన ఆ రోజు సెలవే. కథోలికులకు అది సకల పునీతుల పండుగ. మరునాడు, 2వ తేదీ, చనిపోయినవారిని తలచుకొని వారి కొరకు ప్రార్థించే రోజు. మా పొరుగు కథోలిక కుటుంబములోని పాప పుట్టినది సరిగా ఆ పునీతుల పండుగ నాడే.

కిందటి నవంబరుకు పాపకు ఏడేండ్లు నిండినవి. కాని ఆ వేసవిలోనే వాళ్ల తాతగారు పోయినారు. ఏడాది తిరుగకుండా ఇంట్లో వేడుక ఏమిటని బంధువులు గొణిగినారు. పాప తండ్రికీ మనసొప్పలేదు. పాప మాత్రం స్నేహితురాలి ఇంట చూచిన రెక్కల గౌను కావాలని పట్టు పట్టినది. ఈ ముడి విప్పినది నాయనమ్మగారు. "రోజూ రాత్రి జపమాల అయినాక మీ తాత ఒక పునీతుని కథ చెప్పేవారు గదే! ఆ కథల్లోవాళ్లనే పిలుద్దాం నీ పుట్టినరోజుకి" అన్నారు.

పిలుపు మా ఇంటికి కూడా వచ్చినది. మేము హిందువులము. మావాడు ఆ వేషము వేయవచ్చునా అని అడిగితే ఆమె నవ్వి, "అదేం మాట బాబూ, కృష్ణాష్టమికి మీవాడు కృష్ణుడైతే మేం చూడ్డానికి రాలేదా?" అన్నారు.

మావాడు జోజప్పగారైనాడు. వడ్రంగము చేసి ఇల్లు గడిపిన మనిషి గనుక పాత పంచె ఒకటి, ఎరువు తెచ్చిన కొలబద్ద ఒకటి చాలినవి. ఒక పిల్ల నీలి అంచు తెల్లచీరలో, 2016లో పునీతురాలైన మదర్ తెరేసా. ఒకడు మట్టిరంగు జుబ్బాతో, నడుమున మూడు ముళ్ల తాడుతో అస్సీసి ఫ్రాన్సిస్. ఆ ముళ్లు పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత. అందరికంటె చిన్నవాడు కాగితపు గొలుసులతో దేవసహాయము. తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి. విశ్వాసము విడువనందుకు 1752లో ప్రాణము పోగొట్టుకొని, 2022లో పునీతుడైనాడు.

పాపకు పెట్టిన జ్ఞానస్నాన నామము చిన్న తెరేజమ్మది. ఆమెకు రెక్కలు లేవని పాప మూతి ముడిచినది. అప్పుడు నాయనమ్మగారు చెప్పిన సంగతి మాకూ కొత్తది. ఫ్రాన్సులోని లిసియూ మఠములో 1895 జనవరిలో తెరేజమ్మ తానే జోన్ ఆఫ్ ఆర్క్ మీద నాటకము వ్రాసి, తానే జోన్ వేషము కట్టినదట. కత్తి పట్టిన ఆ ఛాయాచిత్రములు నేటికీ ఉన్నవి. అప్పటికి ఆ ఇద్దరూ పునీతులు కారు. జోన్‌కు 1920లో, తెరేజమ్మకు 1925లో ఆ గౌరవము దక్కినది. తెరేజమ్మ తండ్రి గడియారముల పనివాడు. తల్లి మన నరసాపురపు ఆడవారి వలె లేసుపని చేసి సంపాదించినది. ఆ దంపతులిద్దరినీ 2015లో కలిపి పునీతులుగా ప్రకటించినారు. కథంతా విని పాప, "అయితే నాకు కత్తి కావాలి" అన్నది. అట్టతో కత్తి తయారైనది.

ఆ సాయంత్రము ముందు పది మంగళవార్త జపములు, తరువాత ఒక్కొక్క పిల్ల లేచి తన పునీతుని గురించి మూడు మాటలు, ఆ తరువాతనే కేకు. బహుమతుల పోటీ పెట్టలేదు. చిన్నవాడు గొలుసులు పట్టుకొని రెండవ మాట దగ్గర ఆగిపోయినాడు. అలాంటప్పుడు అందించేది తాతగారు. గదిలో అందరూ ఊరకున్నారు. అంతవరకు మూలన కూర్చున్న పాప తండ్రి, తన తండ్రి చెప్పిన మాటలతోనే, ఆ కథ చివరిదాకా చెప్పినాడు. నాయనమ్మగారు కండ్లు తుడుచుకొని కేకు కోయమన్నారు. మరునాడు ఆ పిల్లలే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు నడిచినారు. గొణిగిన బంధువులు కూడా వెంట వచ్చినారు. ఇప్పుడా ఇంట రాత్రి జపమాల తరువాత కథ చెప్పేది తండ్రి.

చేయదలచినవారికి మా సలహాలు మూడే. వేషము ఇంట్లో ఉన్నవాటితోనే కట్టండి. ఎవరి వేషమో వారి కథ పిల్లకు తెలిసిన తరువాతనే కట్టండి. ఎవరి వేషము బాగున్నదని పోటీ పెట్టకండి, పేద ఇంటి పిల్ల చిన్నబోవును.

మతము ఏదైనా, మన పిల్లలలో ఎందరో పూర్వుల పేరో, దేవుని పేరో, పుణ్యాత్ముల పేరో మోయుచున్నారు. ఇల్లు విడిచి వచ్చి నాలుగు తరములైన కుటుంబములలో భాష వలెనే ఆ కథలు కూడా ఒక్క ముసలివారి నోట నిలిచియున్నవి. వారుండగానే అడిగి తెలుసుకొని, వచ్చే పుట్టినరోజు నాడు పిల్ల చేత చెప్పించండి.