ఉచితం ఖరీదు

బస్తర్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఉసూర్ అటవీ ప్రాంతంలో వేసవి పనుల్లో ముఖ్యమైనది తునికాకు సేకరణ. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఆ సంచి ధరను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. అంటే కట్టకు అయిదున్నర రూపాయలు, ఆకుకు 11 పైసలు. వీడియో గేములు ఏటికేడు సామాన్యుడికి అందనంత ప్రియమైపోయాయన్న ఫిర్యాదు ఇటీవల ప్రపంచమంతటా వినవస్తున్నది. ఈ 11 పైసల తూనికరాయితో తూచి చూస్తే ఆ ఫిర్యాదులో కొంత నిజం ఉన్నదని, అసలు నిజం మాత్రం మరోచోట ఉన్నదని తేలుతుంది.

సోనీ కంపెనీ ప్లేస్టేషన్-5 యంత్రం 2021 ఫిబ్రవరిలో మన విపణిలోకి వచ్చినప్పుడు ధర రూ.49,990. 2022 నవంబరులో అది రూ.54,990కి చేరింది. ఆ ధరకు తునికాకులు కోయాలంటే దాదాపు పదివేల కట్టలు, అనగా అయిదు లక్షల ఆకులు కోయాలి. అందులో ఆడే పెద్ద ఆట ఒక్కొక్కటి రూ.4,999. ఛత్తీస్‌గఢ్‌లో 2025-26 సంవత్సరానికి నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకు రూ.261. ఆ లెక్కన ఒక్క ఆటకు పందొమ్మిది రోజుల రెక్కల కష్టం చెల్లు. యంత్రం కొనాలంటే ఏడాదికి వంద రోజుల వంతున రెండేళ్ల హామీ దినాలన్నీ పనిచేసినా కొంత బాకీ మిగులుతుంది. ఇంతకన్నా రుజువు అక్కరలేదని ఎవరైనా అనవచ్చు.

అయితే తయారీదారుల వాదనను కూడా ఆలకించాలి. అమెరికాలో 1996లో నింటెండో-64 యంత్రానికి వచ్చిన ఆటలు కొన్ని 70 డాలర్లకు అమ్ముడయ్యాయి. ద్రవ్యోల్బణాన్ని లెక్కవేస్తే అవి నేటి 140 డాలర్లకు సమానం. 2005 ప్రాంతంలో స్థిరపడిన 60 డాలర్ల ధర 2020లో 70కి, 2025లో ‘మారియో కార్ట్ వరల్డ్’తో 80కి చేరినా, నిజవిలువలో అది పెరుగుదల కాదు, తరుగుదలే. ఆనాడు పదుల సంఖ్యలో మనుషులు తయారుచేసిన ఆటకు ఈనాడు వందలు, వేల మంది ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. ఈ వాదనను కొట్టిపారేయలేము.

మన దేశం సంగతి మరీ విచిత్రం. 1994లో సెగా కంపెనీ తన యంత్రాన్ని షా వాలెస్ సంస్థ ద్వారా ఇక్కడ విక్రయించింది. నాటి దిగుమతి సుంకం 80 శాతం. దాన్ని తప్పించుకోవడానికే ఆ ఒప్పందం కుదిరింది. అయినప్పటికీ ధర రూ.18,000! నాటి బంగారం రేటు ప్రకారం అది ఇంచుమించు నాలుగు తులాల విలువ. 2021 నాటి ప్లేస్టేషన్ ఇంచుమించు తులం బంగారంతో సమానం. (బంగారం దారి బంగారానిది. దాన్ని కొలబద్దగా తీసుకోవడం అన్నివేళలా న్యాయం కాదని మాకూ తెలుసు. కానీ తెలుగింట ఏ ఖరీదునైనా తులాల్లోకి మార్చి చూసుకోవడం పాత అలవాటు.) ఆనాటి పట్టణాల పిల్లలు ఆడుకున్నది సెగా యంత్రం మీద కాదు, తైవాను నుంచి, చైనా నుంచి వచ్చిన నకళ్ల మీద. అట్టపెట్టెపై లక్షల ఆటలని ముద్రించి, లోపల పట్టుమని పాతిక కూడా పెట్టని గడుసుదనం వాటిది. ఆ నకలును కూడా కొనలేనివారు గంటకింత చెల్లించి పార్లరులో ఆడేవారు. ఆ రోజులతో పోల్చినప్పుడు నగరాల మధ్యతరగతికి ఆట నేడు చేరువైనదే గాని దూరమైనది కాదు. ఆ కొనుగోలుదారుకు న్యాయమైన ఫిర్యాదు ఏదైనా ఉంటే అది పన్నుల గురించే ఉండాలి. కేంద్రం 2018 బడ్జెట్లో ఈ యంత్రాలపై దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచింది. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీ మండలి పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. ఒక చేత్తో వడ్డించి మరో చేత్తో విస్తరి లాగడమంటే ఇదే.

ఉసూర్ కథ వేరు. అక్కడి యువకుడికి రూ.54,990 యంత్రం ఖరీదైనదా, చౌకైనదా అన్న మీమాంసే పుట్టదు. అతడి ఆట చేతిలోని ఫోనులో ఉంటుంది. దానికి ధర లేదు. ఈ ధర లేని ఆటనే నిశితంగా పరిశీలించవలసి ఉన్నది.

ఫోను ఈ అడవికి ఆలస్యంగా వచ్చింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 4జీ స్థాయికి పెంచేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్లో ఆమోదం తెలిపింది. అదే సంవత్సరం జులైలో, సిగ్నలు అందని 24,680 గ్రామాలకు 4జీ సేవలు చేర్చే పథకానికి రూ.26,316 కోట్లు మంజూరు చేసింది. భద్రతా శిబిరాల చుట్టుపక్కల పల్లెలకు ప్రభుత్వ సేవలన్నీ అందించే ఉద్దేశంతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ‘నియద్ నెల్లానార్’ పథకాన్ని ప్రారంభించింది. ఇక డేటా ఖరీదు చూస్తే, టెలికాం నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం 2014లో గిగాబైటుకు సగటున రూ.269 ఉన్న రాబడి 2018 నాటికి రూ.12 లోపునకు పడిపోయింది. ఈ నాలుగేళ్ల పతనంతో దేశమంతటా పేదల చేతికి తెర వచ్చింది. కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో మూడు వారాలపాటు తుపాకులు మోగిన ప్రాంతమిది. ఇక్కడి కుర్రవాడు పగలంతా పనిచేసి, సాయంత్రం ఫోనులో ఒక ఆట ఆడుకుంటే అది విలాసమూ కాదు, వ్యసనమూ కాదు. అడవి బిడ్డలకు ఆటలెందుకని పెదవి విరిచే పెద్దమనుషులతో మేము ఏకీభవించజాలము. జూబ్లీహిల్స్ పిల్లవాడికి ఉన్న వినోదపు హక్కు ఆవపల్లి పిల్లవాడికీ ఉన్నది.

అభ్యంతరమల్లా ఆ వినోదం అమ్ముడవుతున్న తీరుకే. ఉచిత ఆటలోకి ప్రవేశం ఉచితం. లోపలికి వెళ్లాక రూపాయి కనుమరుగవుతుంది. దాని స్థానంలో వజ్రాలు, నాణేలు, రత్నాలు ప్రత్యక్షమవుతాయి. రూపాయలిచ్చి రత్నాల మూట కొనేచోట ధర కనబడుతుంది. ఆ రత్నాలతో కత్తి కొన్నప్పుడు, చొక్కా కొన్నప్పుడు అది ఎన్ని రూపాయలైనదో ఎక్కడా రాసి ఉండదు. మూటలో వంద రత్నాలుంటే వస్తువు ఖరీదు నూట ఇరవై ఉంటుంది. రెండో మూట కొనక తప్పదు. కొన్నాక ఎనభై మిగులుతాయి. వాటిని వృథా పోనివ్వడం ఇష్టంలేక మూడో మూట. జాతరలో మూడు ముక్కలాట వాడు సైతం ఇంత ఓపికగా లెక్క కట్టి ఉండడు. దీనికి తోడు మూసిన పెట్టెలు. డబ్బు చెల్లించి పెట్టె తెరవాలి. అందులో ఏముంటుందో అదృష్టాన్ని బట్టి తేలుతుంది. పైగా, ఈ బేరం మరో పది నిమిషాలే ఉంటుందని తెర మీద గడియారం పరుగెత్తుతుంటుంది. ఆడేవారిలో అత్యధికులు పైసా చెల్లించరు. చెల్లించే కొద్దిమంది మీదనే మొత్తం వ్యాపారం నడుస్తుంది. ఆ కొద్దిమంది ఎవరు, వారి ఆదాయమెంత, వయసెంత అన్నది విక్రేతకు పట్టని విషయం. రూ.4,999 ఆటకు ఖరీదు అక్కడితో ముగుస్తుంది. ఉచిత ఆటకు ముగింపు లేదు. 2015లో గూగుల్ తన దుకాణంలో భారతీయులకు కనీస ధరను రూ.50 నుంచి రూ.10కి దించింది. పది రూపాయలే కదా అనుకోవచ్చు. ఉసూర్ కల్లంలో అది దాదాపు రెండు కట్టలు, తొంభై ఆకులు. రోజుకొక పదిగా పోయేది చెప్పుకోదగినంతగా కనబడదు. పందొమ్మిది రోజుల కూలి ఒక్కసారిగా ఎవరూ ఖర్చు చేయరు గాని, సంవత్సరంలో తెలియకుండా కరిగించగలరు.

ఇది మా ఊహాగానం కాదు. పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆటల్లో చేసిన కొనుగోళ్లకు గాను 2014లో ఆపిల్ సంస్థ కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు చేయడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో అంగీకరించింది. ‘ఫోర్ట్‌నైట్’ను నిర్మించిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అదే కమిషన్‌తో 52 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. ఉద్దేశించని కొనుగోళ్లలోకి ఆటగాళ్లను లాగినందుకు అందులో 24.5 కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి చెల్లించేందుకు కేటాయించారు. ఫోర్ట్‌నైట్ ప్రవేశం ఉచితమైన ఆట అన్నది ఇక్కడ గమనార్హం. డబ్బుతో తెరిచే పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. పెట్టెలో ఏ వస్తువు లభించే అవకాశం ఎంతో ప్రకటించాలని చైనా 2017 నుంచే నిర్బంధించింది.

మరి మనం చేసినదేమిటి? 2020 సెప్టెంబరులో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించాము. రెండింటికీ కారణం దేశ భద్రతే గాని ఆటగాడి జేబు కాదు. డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలపై 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఈ పందేల్లో 45 కోట్ల మంది ఏటా దాదాపు రూ.20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వమే ఆ సందర్భంలో చెప్పిన అంచనా. చట్టం అవసరమైనదే. అయితే దాని చూపు గెలిస్తే డబ్బు వచ్చే ఆట మీద నిలిచింది. గెలిచినా ఓడినా చిల్లిగవ్వ రాని, డబ్బు పోవడమే తప్ప తిరిగి వచ్చే దారి లేని ఆట పక్కనుంచి సాగిపోతున్నది. రాబడి ఆశ చూపేవాడిని పట్టుకుని, ఆ ఆశైనా చూపనివాడిని వదలడం విడ్డూరం.

ముప్పయ్యేళ్ల కిందటి సంగతి ఒకటి ఇక్కడ స్మరణీయం. కర్ణాటకలో వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు తప్పనిసరి చేయడం సబబేనని 1995లో సుప్రీంకోర్టు ఎం.జె.శివాని కేసులో తీర్పు చెప్పింది. సందులోని నాలుగు యంత్రాల పార్లరుకు నాడు లైసెన్సు ఉండాలన్నాము. కోట్లాది జేబుల్లో చేరిన పార్లరుకు నేడు ఏ షరతూ అక్కరలేదంటున్నాము.

నిషేధం కోరడం మా ఉద్దేశం కాదు. నిషేధించిన ఆట మరో పేరుతో మరునాడే ప్రత్యక్షం కావడం అందరూ ఎరిగినదే. కావలసినవి సాదా నిబంధనలు. రత్నాలతో అమ్మే ప్రతి వస్తువు పక్కన రూపాయల్లో ధర ఉండాలి. మూసిన పెట్టె తెరిచేముందు అందులో ఏది దొరికే వీలు ఎంతో చెప్పాలి. మైనరు ఖాతాకు నెలవారీ ఖర్చు పరిమితి విధించాలి. పొరపాటు కొనుగోలుకు వాపసు దారి కనబడేచోట ఉండాలి. ఆ హెచ్చరికలు ఇంగ్లీషులో చిన్న అక్షరాలలో గాక ఆడేవాడికి తెలిసిన భాషలో ఉండాలి. తెలుగు, గోండి, దోర్లీ కలగలిసి వినిపించే ఉసూర్ వంటిచోట చదవలేని హెచ్చరిక హెచ్చరికే కాదు.

ఇందుకోసం కొత్త చట్టం చేసేదాకా మీనమేషాలు లెక్కించనవసరం లేదు. కొనుగోలుదారును మభ్యపెట్టే పదమూడు రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలలో గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, ధరను దశలవారీగా బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. పది నిమిషాల గడియారాన్ని, రత్నాల లెక్కను ఆ నిర్వచనాల పక్కన పెట్టి చూడటానికి అధికారులకు ఒక్క పూట చాలు. తూనికలు కొలతల చట్టం కింద ఉసూర్ సంతలో అమ్మే బిస్కెట్ పొట్లం మీద సైతం గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి. అదే సంతలో నిలబడిన కుర్రవాడి ఫోనులో అమ్ముడవుతున్న కత్తి మీద ఆ ముద్ర ఎందుకు లేదో వినియోగదారుల వ్యవహారాల శాఖ సమాధానం చెప్పవలసి ఉన్నది.