కుండ గుర్తు ఎవరి కోసం?

1991లో కేంద్రప్రభుత్వం ‘ఎకోమార్క్’ పథకం పెట్టింది. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకుపై మట్టికుండ గుర్తు వేస్తారట. మూడు దశాబ్దాలు దాటినా ఆ కుండ అంగళ్లలో అరుదే. జనానికి చైతన్యం లేదని పెద్దలంటారు. నేనొప్పుకోను. గుర్తు కోరడం ఉత్పత్తిదారు ఇష్టానికి వదిలారు. లాభమే ధర్మమైనవాడు కోరి పరీక్షకు నిలబడతాడా?

2006లో ఐచ్ఛికంగా మొదలైన కరెంటు పొదుపు నక్షత్రాలను 2010లో ఏసీలకు తప్పనిసరి చేశారు; ఇప్పుడు కొనేవాళ్లు ముందు వాటినే లెక్కపెడుతున్నారు. అదే జనం, మారింది చట్టం. 2024లో ఎకోమార్క్‌కు కొత్త నిబంధనలు వచ్చాయి. ఐచ్ఛికం ఐచ్ఛికంగానే ఉంది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలతో నీరు చెడిన పల్లెల రైతుకు ఈ ముద్ర ఏం చెబుతుంది? మంచి సరుకుకు బిరుదులిచ్చింది చాలు. ప్రతి సరుకూ తాను చేసిన హానిని తన ఒంటిమీదే చెప్పుకొనేలా శాసించాలి. అది అడగవలసింది మనమే.